‘రంగు సున్నిత’ సౌరఘటమా? రంగద్దిన సౌరఘటమా?

సందేహం: స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో పరిశోధనలు చేసిన రసాయన శాస్త్రవేత్త మైకేల్ గ్రాట్జెల్ గురించి వ్యాసం రాస్తున్నాను. ఎండను కరెంటుగా మార్చే ‘డై-సెన్సిటైజ్డ్ సోలార్ సెల్’ను తెలుగులో ‘రంగు సున్నిత సౌరఘటం’ అన్నాను. ‘రంగు సున్నిత సౌరఘటాన్ని కనిపెట్టి ఆయన ఈ రంగాన్ని ఎంతో ప్రభావం చూపారు’ అని రాశాను. వాక్యం సరిగా లేదని మా మిత్రుడు అంటున్నారు. తప్పు ఎక్కడుంది?

సమాధానం: రెండు చోట్ల ఉంది. చిన్నదాని సంగతి ముందు చూద్దాం. ‘ప్రభావం చూపడం’ ఎప్పుడూ ‘మీద’తోనో ‘పై’తోనో వస్తుంది: ‘ఈ రంగం మీద ప్రభావం చూపారు’. ‘రంగాన్ని’ అని మొదలుపెడితే ‘ప్రభావితం చేశారు’ అని ముగించాలి. మీ వాక్యంలో రెండూ కలిసిపోయాయి.

రెండోది అర్థానికి సంబంధించింది. కొద్దిపాటి తేడానైనా పట్టి చూపే త్రాసును ‘సున్నితమైన త్రాసు’ అంటాం. ఆ లెక్కన వెలుగు తగలగానే మార్పు చెందే పదార్థాన్ని ‘కాంతికి సున్నితమైన పదార్థం’ అంటే నేను తప్పు పట్టను. కానీ ఆ ‘కి’ తీసేసి ‘కాంతి సున్నిత’ అని సమాసం చేస్తే ‘కుసుమ కోమలం’లాగా ‘కాంతి అంత సున్నితమైనది’ అనే అర్థం కూడా వచ్చేస్తుంది. ‘రంగు సున్నిత’ మరీ ఇబ్బంది. రంగు తగిలితే పాడైపోయే ఘటమేమో అనిపిస్తుంది.

అక్కడ జరిగేది వేరు. గ్రాట్జెల్ ఘటంలో ముఖ్యమైన పదార్థం టైటానియం డయాక్సైడ్, తెల్ల పెయింట్లలో వాడేదే. అది అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటుంది గానీ కంటికి కనిపించే వెలుగును వదిలేస్తుంది. దాని నానో రేణువులను గాజు మీద పలచటి పొరగా పరిచి, కాల్చి, రుథేనియం అనే లోహం ఉన్న రంజక (రంగునిచ్చే పదార్థపు) ద్రావణంలో గంటల తరబడి నానబెడతారు. తెల్లగా ఉన్న పొర ముదురు ఎరుపుకు తిరుగుతుంది. రేణువుల మధ్య ఖాళీలు ఉండటం వల్ల రంగు పట్టే ఉపరితలం గాజు వైశాల్యానికి కొన్ని వందల రెట్లు ఉంటుంది. వెలుగు పడగానే రంజకం ఒక ఎలక్ట్రాన్‌ను టైటానియం డయాక్సైడ్‌కు ఇస్తుంది, ఆ లోటును అయోడైడ్ ద్రావణం పూడుస్తుంది. ఇక్కడ కర్త రంగే. 1873లో జర్మనీలో హెర్మన్ వోగెల్ చేసిందీ ఈ కోవలోనిదే. నీలం వైపు వెలుగును మాత్రమే పట్టే ఫొటో ప్లేట్లకు రంజకం కలిపి, అవి ఆకుపచ్చను కూడా పట్టేలా చేశాడు.

అందుకని ‘రంగద్దిన సౌరఘటం’ అనమంటాను. జరిగేది నిజంగా అద్దకమే, మాట మనదే, చదవగానే బొమ్మ కట్టినట్టు తెలుస్తుంది. వ్యాసం ఇంకాస్త గంభీరంగా ఉండాలంటే ‘రంజక సౌరఘటం’ అనవచ్చు.

ఇక ‘ఎంతో ప్రభావం’ సంగతి. విభక్తి సరిచేసినా ఆ మాట వల్ల పాఠకుడికి తెలిసేది శూన్యం. ఆ చోట జరిగిన పని చెప్పండి. 1991లో బ్రయన్ ఓరెగన్‌తో కలిసి ఆయన ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన ఘటం సామర్థ్యం (పడిన వెలుగులో కరెంటుగా మారే వంతు) 7 శాతానికి పైనే. 1993లో, ఉస్మానియాలో చదివిన మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్ మొదటి రచయితగా వచ్చిన పత్రంలో మరో రుథేనియం రంజకం దాన్ని 10 శాతానికి చేర్చింది. 2009లో జపాన్‌లో మియాసకా బృందం అదే తరహా ఘటంలో రంజకం బదులు పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థాన్ని పెట్టి చూసింది. అప్పుడు వచ్చింది 3.8 శాతమే. ఆ పెరోవ్‌స్కైట్ ఘటాలు ఇప్పుడు 25 శాతం దాటాయి. ఇంత చరిత్ర ఉండగా ‘ఎంతో’తో సరిపెట్టడం గ్రాట్జెల్‌కు అన్యాయం.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: ‘గ్రాట్జెల్ 1991లో ప్రకటించిన రంగద్దిన సౌరఘటం నుంచే నేటి పెరోవ్‌స్కైట్ ఘటాలు పుట్టుకొచ్చాయి.’