కైనేజ్‌ల మీద ఇష్టంతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోకెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కైనేజ్ ఎంజైముల మీద పరిశోధన చేస్తానంటోంది. మేమేమో బీఈడీ చేయిస్తే మంచిదనుకుంటున్నాం. ఏమంటారు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి గాలిమేడలు కట్టడం లేదండీ. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్ ముక్కను తీసి మరో అణువుకు తగిలించే ఎంజైములే కైనేజ్‌లు. గ్లూకోజ్ కణంలోకి రాగానే హెక్సోకైనేజ్ దానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఇక అది తేలిగ్గా బయటికి పోలేదు. ప్రొటీన్లకు తగిలించే కైనేజ్‌లైతే మనిషిలో 500కు పైనే ఉన్నాయి. ఫాస్ఫేట్ చేరితే కొన్ని ప్రొటీన్లు పని మొదలుపెడతాయి, కొన్ని ఆపేస్తాయి. ఇది తేల్చినందుకే శాస్త్రవేత్తలు ఫిషర్, క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ వచ్చింది.

ఇక ఉద్యోగాల సంగతి. అదుపు తప్పిన కైనేజ్‌లు కొన్ని క్యాన్సర్లకు కారణం. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌లో అలాంటి కైనేజ్‌నే అడ్డుకుంటుంది. కైనేజ్‌లను అడ్డుకునే మరో క్యాన్సర్ మందు సొరాఫెనిబ్ నెలకు 2.8 లక్షలు ఉండేది. 2012లో దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్సు (పేటెంటు ఉన్న మందును వేరే కంపెనీ తయారుచేసేందుకు ప్రభుత్వమిచ్చే అనుమతి) హైదరాబాద్‌లోని మందుల కంపెనీ నాట్కోకు ఇచ్చాక, ఆ కంపెనీ అదే మందును 9 వేలలోపే అమ్మింది. ఈ రంగం మీ ఊరికి బస్సు దూరంలోనే ఉందన్నమాట.

పని మాత్రం ఓపికతో కూడుకున్నది. ప్రొటీన్ కైనేజ్‌లలో ఏటీపీ కూర్చునే చోటు చాలావరకు ఒకేలా ఉంటుంది. ఒకదాన్ని ఆపబోతే పక్కదీ ఆగుతుంది. అందుకని 384 గుంటల ప్లేటులో ఎంజైము, ఏటీపీ, మందు మైక్రోలీటర్ల లెక్కన వేసి, ఎంత మోతాదుకు ఎంజైము పని సగానికి పడిందో చూడాలి. ఫలితం తేడా కొడితే మళ్లీ మొదటికే. పాఠం నచ్చడం వేరు, ఇది నచ్చడం వేరు. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయించండి, రెండు నెలల్లో ఆమెకే తెలిసిపోతుంది. నోటిఫికేషన్ వేసవికి చాలా ముందే వస్తుంది, గమనిస్తూ ఉండమనండి.

ఎమ్మెస్సీకి సీయూఈటీ పీజీ, గ్యాట్-బీ, ఐఐటీ జామ్ ప్రవేశ పరీక్షలు మూడూ రాయించండి. ఎమ్మెస్సీతో ఆగితే ఎక్కువగా దొరికేవి క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగాలే. కొత్త మందుల పరిశోధనకు పీహెచ్‌డీ కావాలి. అందుకు అయిదారేళ్లు పడుతుంది. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదట్లో నెలకు 37,000 ఫెలోషిప్ వస్తుంది కాబట్టి చదువు ఖర్చు మీ మీద పడదు.

బీఈడీ ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు. ల్యాబ్ వదిలి నాలుగేళ్లయ్యాక తిరిగి రావడమే కష్టం. ఒక్క మాట అడగండి: మందుల పరిశోధనలో అవసరమయ్యే ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే టెన్షన్ పడుతుందా? పడితే ఈ ఏడాదే ట్యూషన్ పెట్టించండి.