సప్తమంలో గ్రహణం, ఇంట్లో మౌనం

ప్రశ్న: నా వయస్సు 36 సంవత్సరాలు. పెళ్ళయి పదేళ్ళయింది, ఒక పాప. మూడేళ్ళ క్రితం మావారి ఉద్యోగం కోసం, శీతకాలంలో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడే దేశానికి వచ్చాము. నాది కుంభరాశి. 2025 సెప్టెంబరు 7న నా రాశిలోనే సంపూర్ణ చంద్రగ్రహణం పట్టిందనీ, 2026 మార్చి 3న రాబోయేది సింహరాశిలో, అంటే నాకు సప్తమమైన కళత్రస్థానంలో పడుతుందనీ, ఈ ఆరు నెలలూ దంపతుల మధ్య ఎడబాటు సూచన ఉన్నదనీ, అప్పటిదాకా ముఖ్యమైన విషయాలేవీ కదపవద్దనీ ఒక జ్యోతిష్కుడు చెప్పారు. ఆయన అన్నట్టే అక్టోబరు నుంచి మావారు ముభావంగా మారిపోయారు. సెలవు రోజుల్లో మధ్యాహ్నం దాకా లేవరు, పాపతో ఆడరు. గొడవ అవుతుందేమోనన్న భయంతో నేను ఏమీ అడగడం లేదు. క్యాలెండరులో మార్చి 3 చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి పెట్టుకున్నాను. మొన్న పాప సెలవులు చూడడానికి పేజీలు తిప్పుతూ ఆయన అది చూసి, "ఆ రోజు ఏముంది?" అని అడిగారు. ఏమీ లేదని చెప్పి క్యాలెండరు తీసుకున్నాను. ఆ రాత్రి నుంచి ఆయన వేరే గదిలో పడుకుంటున్నారు. చిన్నప్పటి నుంచీ నాకు జాతకాల మీద నమ్మకం ఎక్కువ. 2007లో కోరుకున్న కోర్సులో సీటు వచ్చి హాస్టలుకు వెళ్ళినప్పుడు కూడా మంచి రోజు చూసుకునే బయలుదేరాను, నా జీవితంలో అంత సంతోషంగా గడిచిన ఏడాది మరొకటి లేదు. మార్చి గడిచేదాకా ఓపిక పట్టాలా, ఇప్పుడే మాట్లాడాలా?

జవాబు: మార్చి 3 దాకా ఆగవద్దు. వీలైతే ఈ రోజే, పాప నిద్రపోయాక మీవారితో మాట్లాడండి. ఏం మాట్లాడాలో చివర చెబుతాను. దానికి ముందు మీ భయం గురించి కొంత వివరంగా రాయవలసి ఉంది, ఎందుకంటే ఆ భయాన్ని పక్కన పెట్టమని ఊరికే చెబితే మీరు పెట్టలేరనీ, అలా చెప్పడం మీ నమ్మకాన్ని చిన్నచూపు చూడడమే అవుతుందనీ నాకు తెలుసు.

మీ జ్యోతిష్కుడు చెప్పిన లెక్కలో తప్పు లేదు. సెప్టెంబరు గ్రహణం నిరయన పద్ధతిలో, అంటే నక్షత్రాల స్థానాన్ని బట్టి రాశులను లెక్కించే మన పంచాంగ పద్ధతిలో, కుంభరాశిలోనే సంభవించింది, మార్చి గ్రహణం సింహరాశిలోనే పడుతుంది. అయితే ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి మీ రాశిలోనూ, దానికి సప్తమంలోనూ రావడం మీ జాతకంలోని విశేషం కాదు. చంద్రుని మార్గం సూర్యుని మార్గానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ రెండు మార్గాలు ఖండించుకునే బిందువులనే మనం రాహుకేతువులంటున్నాము. ఆ బిందువులు ఎప్పుడూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా, ఏడవ రాశిలో ఉంటాయి. సూర్యచంద్రులు ఆ బిందువుల దగ్గర ఉన్నప్పుడే గ్రహణాలు పడతాయి. సూర్యుడు ఒక బిందువు దగ్గరి నుంచి రెండవదాని దగ్గరికి చేరడానికి ఇంచుమించు 173 రోజులు పడుతుంది. అందువల్ల ఒక చంద్రగ్రహణం ఒక రాశిలో పడితే, ఆరు నెలల తరువాత వచ్చేది సాధారణంగా దానికి సప్తమంలోనో, ఆ పక్క రాశిలోనో పడుతుంది. మీకు చెప్పిన సూచన కుంభరాశివారందరికీ ఒకేలా వర్తించే మాట. భూమి మీద సుమారు 800 కోట్ల మంది ఉన్నారనుకుంటే, పన్నెండవ వంతు లెక్కన 66 కోట్ల మంది దాకా కుంభరాశివారు ఉంటారు. ఈ ఆరు నెలల్లో వారిలో పెళ్ళి చేసుకున్నవారూ, విడిపోయినవారూ, దెబ్బలాడుకుని మళ్ళీ కలిసిపోయినవారూ అందరూ ఉంటారు.

మీ లేఖలో మీరు గమనించని సంగతి ఒకటి నా కంట పడింది. గ్రహణాలు 18 సంవత్సరాల 11 రోజులకు కాస్త అటూఇటూగా అదే క్రమంలో తిరిగి వస్తాయి. మొన్నటి సెప్టెంబరు గ్రహణానికి ముందు ఆవృత్తి 2007 ఆగస్టు 28న వచ్చింది. అది కూడా సంపూర్ణ చంద్రగ్రహణమే, అప్పుడు కూడా చంద్రుడు కుంభరాశిలోనే ఉన్నాడు. అంటే మీ జీవితంలోకెల్లా సంతోషకరమైన ఏడాదిగా మీరు రాసిన ఆ ఏడాదిలోనే, మీరు ఇప్పుడు భయపడుతున్న గ్రహణం మీ రాశిలో పట్టింది. గ్రహణం మేలు చేస్తుందని రుజువు చేయడానికి ఇది చెప్పడం లేదు. ఒక్క ఉదాహరణతో అటు గాని ఇటు గాని ఏదీ తేలదు. ఆ ఏడాది గ్రహణం పట్టిందన్న సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి మీరు ధైర్యంగా పెట్టె సర్దుకుని వెళ్ళారు, ఈ ఏడాది చెప్పారు కాబట్టి నోరు కట్టేసుకుని కూర్చున్నారు. తేడా ఆకాశంలో లేదు.

జ్యోతిషాన్ని గౌరవంగా చదివేవారిలో చాలామంది గ్రహణాన్ని మరుగున పడినవి బయటికి వచ్చే సమయంగానూ, ఋతుసంధిని పాతది విడిచి కొత్తదానికి సిద్ధపడే సమయంగానూ చెబుతారు. ఆ అర్థంలో తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఏడాదికి తక్కువలో తక్కువ 4, ఎక్కువలో ఎక్కువ 7 గ్రహణాలు వస్తాయి. ఆ రోజుల్లో కాసేపు కూర్చుని మన ఇంట్లో మరుగున పడినదేమిటని ఆలోచించుకోవడం మంచి అలవాటే. కానీ మీకు అందిన సలహా దానికి పూర్తిగా వ్యతిరేకమైనది. దాచినది బయటపెట్టమని కాకుండా, ఉన్నది కూడా దాచమని చెప్పింది. పైగా ఏ తేదీ తీసుకున్నా దానికి మూడు నెలల లోపు, ముందో వెనుకో ఒక గ్రహణం ఉండనే ఉంటుంది కాబట్టి, గ్రహణాన్ని కారణంగా చూపలేని కుటుంబ కలహం అంటూ ఉండదు.

ఆకాశాన్ని చూసి ఆగిపోవడం వల్ల ఎంత నష్టం జరగగలదో చరిత్రలో ఒక ఘట్టం ఉంది. క్రీస్తుపూర్వం 413లో సిసిలీ దీవిలోని సిరక్యూస్ నగరాన్ని ముట్టడించి విఫలమైన ఏథెన్స్ సైన్యం, ఓడలెక్కి క్షేమంగా వెళ్ళిపోవడానికి అన్నీ సిద్ధం చేసుకుంది. ఆగస్టు 27 రాత్రి చంద్రగ్రహణం పట్టింది. మూడు తొమ్మిదుల రోజులు, అంటే 27 రోజులు కదలకూడదని శకునం చెప్పేవారు అన్నారు, సేనాని నికియాస్ ఆ మాట విన్నాడు. ఆ గడువులోనే శత్రువులు రేవును మూసివేశారు, సైన్యం మొత్తం నాశనమైంది, నికియాస్ కూడా ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ సైన్యాన్ని చంపింది గ్రహణం కాదు, ఆగిపోయిన ఆ రోజులు. మీ ఇంటి విషయంలో నన్ను కలవరపెడుతున్నది కూడా అదే. ఎడబాటు రాకూడదని మీరు మాట మానేశారు. ఆయనకు మాత్రం ఆ మౌనమే ఎడబాటుగా కనిపించింది. ఒక్కసారి ఆయన వైపు నుంచి చూడండి. భార్య కొన్ని నెలలుగా పొడిగా మాట్లాడుతున్నది, రాబోయే ఒక తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టుకున్నది, అదేమిటని అడిగితే క్యాలెండరు చేతిలోంచి తీసుకున్నది. ఇల్లు వదిలి వెళ్ళే రోజనుకున్నారో, వకీలును కలిసే రోజనుకున్నారో, మరేమనుకున్నారో మనకు తెలియదు. ఆయన ఆ రాత్రే పక్క గదికి మారారని మీరే రాశారు.

ఇక ఆయన ముభావం సంగతి. అది అక్టోబరులో మొదలైందని రాశారు. గ్రహణం పట్టింది సెప్టెంబరు మొదటి వారంలో. ఈ రెంటి నడుమ, సెప్టెంబరు 22న మరొకటి జరిగింది, దాన్ని మీకెవరూ చెప్పలేదు. జూను నుంచీ తగ్గుతూ వచ్చిన పగలు ఆ రోజున రాత్రితో సమానమై, ఆ తరువాత మీరున్న ఉత్తరపు దేశంలో రాత్రి కంటే చిన్నదై, రోజురోజుకూ ఇంకా కుంచించుకుపోతూ వచ్చింది. గ్రహణం పట్టిన రాత్రి చంద్రుడు పూర్తిగా నీడలో ఉన్నది 82 నిమిషాలు మాత్రమే. మీ ఇంటి మీద పడిన ఈ నీడకు నెలల వయస్సు ఉంది. నా ఊహ సరైనదైతే, ఋతువు చేసిన పనికి గ్రహణం మీద నింద పడింది.

అందుకని మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతున్నాను, దీనికి నిదానంగా జవాబు ఆలోచించండి. అక్కడికి వచ్చాక గడిచిన రెండు శీతకాలాల్లో ఆయన ఎలా ఉన్నారు? అప్పుడు కూడా ఆలస్యంగా లేవడం, ఎంత పడుకున్నా అలసట తీరకపోవడం, పిండిపదార్థాల మీద, తీపి మీద యావ పెరగడం, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం, మనుషులకు దూరంగా జరగడం కనిపించి, పగలు పెరిగే కొద్దీ వసంతంలో తిరిగి మామూలు మనిషి అయ్యారా? అయితే అది కళత్రస్థానపు దోషం కాదు, మీ మీద కోపం కూడా కాకపోవచ్చు. వెలుతురు తగ్గే కాలంలో మాత్రమే వచ్చి పోయే ఈ రకమైన కుంగుబాటును మనోవైద్యుడు నార్మన్ రోసెంథాల్, ఆయన సహచరులు 1984లో ఒక ప్రత్యేకమైన రుగ్మతగా వర్ణించారు. భూమధ్యరేఖకు దూరంగా ఉన్న ప్రాంతాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఉదయపు వెలుతురు అందక శరీరంలోని కాలచక్రం గాడి తప్పడం దీనికి ఒక కారణమని భావిస్తారు. చికిత్స ఉంది. ఉదయం లేచిన వెంటనే 10,000 లక్స్ తీవ్రత గల దీపం ముందు అరగంట కూర్చోబెట్టడం అందులో ఒకటి. మన ఇళ్ళలోని మామూలు దీపాల వెలుగు కొన్ని వందల లక్స్‌కు మించదు కాబట్టి, గదిలో లైట్లన్నీ వేసుకున్నంత మాత్రాన అది సరిపోదు. మాటల ద్వారా ఆలోచనా ధోరణిని సరిదిద్దే చికిత్స, అవసరమైతే మందులు కూడా ఉపయోగపడతాయి. అయితే కంటి జబ్బులున్నవారికీ, ఉద్రేకమూ కుంగుబాటూ మారి మారి వచ్చేవారికీ ఆ దీపం హాని చేయవచ్చు కనుక డాక్టరును చూపించకుండా మీ అంతట మీరు మొదలుపెట్టవద్దు. నేను ఆయనను చూడలేదు, ఇది రోగనిర్ధారణ కాదు. కానీ డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కరలేదు. బతకడం మీద విరక్తి ధ్వనించే మాట ఏదైనా ఆయన నోట వింటే మాత్రం అపాయింట్‌మెంటు కోసం కూడా ఎదురుచూడక, ఆ క్షణమే అత్యవసర వైద్య సహాయం తీసుకోండి.

ఇక్కడ ఋతువుల గురించి ఒక మాట. పగలు తిరిగి పెరగడం మొదలయ్యేది డిసెంబరు 21 ప్రాంతంలో. నిరయన గణనలో సూర్యుడు మకరంలో ప్రవేశించేది జనవరి 14 ప్రాంతంలో. ఒకప్పుడు ఇంచుమించు ఒకే రోజున వచ్చిన ఈ రెంటి మధ్య, భూమి అక్షం నెమ్మదిగా దిశ మార్చుకోవడం వల్ల సుమారు 72 ఏళ్ళకు ఒక డిగ్రీ చొప్పున శతాబ్దాలుగా పేరుకున్న తేడా ఇది. ఏ లెక్కన చూసుకున్నా మీ ఇంటి కిటికీలో వెలుతురు ఇప్పటికే రోజూ కొద్దికొద్దిగా పెరుగుతోంది. మధ్యాహ్నం వెలుతురున్నప్పుడు పాపను తీసుకుని ముగ్గురూ అరగంట బయట నడవండి. ఆయన రానంటే బలవంతపెట్టవద్దు, మరునాడు మళ్ళీ అడగండి.

ఇక మాట్లాడడం ఎలాగన్నది. "ఎందుకిలా ఉంటున్నారు" అని మొదలుపెట్టవద్దు. కుంగి ఉన్న మనిషికి అది నేరారోపణలా వినిపిస్తుంది. మీ తప్పుతో మొదలుపెట్టండి. ఆ క్యాలెండరును మీరే తీసుకువెళ్ళి, మార్చి పేజీ తెరిచి ఆయన ముందు పెట్టండి. ఆ ఎర్ర సున్నా ఏమిటో, దాన్ని ఎందుకు చుట్టారో, ఎవరు ఏం చెప్పారో, ఏమవుతుందని భయపడ్డారో ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన నవ్వవచ్చు, కోప్పడవచ్చు, "ఇన్నాళ్ళూ దీని కోసమా" అని బాధపడవచ్చు. అడ్డు చెప్పకుండా వినండి. ఆయన మనసులో ఈ నెలలుగా ఏముందో బహుశా అప్పుడే బయటికి వస్తుంది, అది మీరు ఊహించినది కాకపోవచ్చు. నిజంగానే మీ మధ్య మీరు నాకు రాయని తగాదా ఏదైనా ఉంటే అది కూడా ఆ మాటల్లోనే తెలుస్తుంది. అప్పుడు ఇద్దరూ కలిసి నాకు రాయండి. డాక్టరు విషయం ఆ రాత్రే తేల్చాలని పట్టుపట్టకుండా, మరునాడు ఉదయం నెమ్మదిగా కదపండి.

మార్చి 3 వస్తుంది. ఆ రోజు మీకు మళ్ళీ భయం వేస్తే దాన్ని కూడా ఆయనతోనే చెప్పండి. ఈసారి ఆ తేదీకి అర్థమేమిటో ఆయనకు ముందే తెలిసి ఉంటుంది.