ఇంటి అప్పు కోసం నాలుగో షిఫ్టా, ఆర్ఎన్ చదువా?

ప్రశ్న: మాది తెనాలి. పెళ్లయ్యాక గ్రీన్‌కార్డు మీద అమెరికా వచ్చి, ఇక్కడే కోర్సు చేసి న్యూజెర్సీలో ఒక ఆస్పత్రిలో లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సుగా, అంటే ఎల్పీఎన్‌గా పనిచేస్తున్నాను. గంటకు 31 డాలర్లు, వారానికి మూడు 12 గంటల నైట్ షిఫ్టులు. మావారికి ఏడాదికి 34 వేల డాలర్లు వస్తుంది. నాన్న ఇల్లు కట్టిన లోన్ ఇంకా 32 లక్షలుంది, వడ్డీ 9 శాతం. ఈఎంఐ నేనే కడుతున్నాను. నాన్నతో జాయింట్ అకౌంట్‌కి పంపిస్తాను, అందులో ఆయన రిటైర్‌మెంట్ డబ్బు 12 లక్షలు కూడా ఉంది. వారానికి నాలుగో షిఫ్ట్ చేసి రెండేళ్లలో లోన్ తీర్చేద్దామని మొదలుపెట్టాను. తెల్లవారుజామున మందుల డోసు రెండుసార్లు చూసుకుంటే గానీ నమ్మకం కుదరడం లేదు. మా దగ్గర రిజిస్టర్డ్ నర్సులకు, అంటే ఆర్ఎన్‌లకు జీతం గంటకు 42 డాలర్లతో మొదలవుతుంది, అది చదవమని అందరూ అంటున్నారు. 403(బీ) అనే రిటైర్‌మెంట్ పొదుపు పథకంలో నేను దాచినంత ఆస్పత్రి కూడా, జీతంలో 4 శాతం దాకా కలుపుతుందట, నేనింకా చేరలేదు. ఏం చేయమంటారు?

జవాబు: డోసు గురించి మీరు రాసిన మాట దగ్గరే ఆగిపోయాను. మీ ఇల్లు నడిచేది మీ లైసెన్సు మీద. నిద్ర చాలక ఒక్క మందు పొరపాటు జరిగితే ముందు రోగికి ప్రమాదం, ఆ తర్వాత మీరు నర్సింగ్ బోర్డు ముందు నిలబడాలి. కాబట్టి ప్రతి వారం నాలుగో షిఫ్ట్ మానేయమనే నా సలహా.

అందులో మిగిలేదెంతో కూడా చూడండి. మూడు షిఫ్టులకు 36 గంటలు అవుతాయి. ఓవర్‌టైమ్ రేటు 40 దాటాకే గనుక నాలుగో షిఫ్టులో మొదటి 4 గంటలకు మామూలు జీతమే. మిగతా 8 గంటలకు ఒకటిన్నర రెట్లు, అంటే 46.50 చొప్పున. మొత్తం 496 డాలర్లు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్, ఫెడరల్, స్టేట్ పన్నులు పోగా మీకు మిగిలేది 385 దాకా. 2025 నుంచి 2028 వరకు ఓవర్‌టైమ్‌లో ఆ అదనపు సగం మీద ఫెడరల్ ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది, దాన్నీ కలిపే ఈ లెక్క వేశాను. అది రావాలంటే మీరిద్దరూ జాయింట్‌గానే రిటర్న్ వేయాలి.

ఇప్పుడు 403(బీ) సంగతి. మీ ఏడాది జీతంలో 4 శాతమంటే సుమారు 2,320 డాలర్లు. అంటే ఆరు నాలుగో షిఫ్టుల్లో చేతికొచ్చే డబ్బును మీరు ప్రతి ఏడాదీ ఆస్పత్రికే వదిలేస్తున్నారు! చేరితే మీ చేతికి వారానికి 40 డాలర్లు తగ్గుతుంది, అంతే. ఈ వారమే హెచ్ఆర్‌కి వెళ్లి చేరండి. ఆస్పత్రి కలిపే ఆ డబ్బు పూర్తిగా మీదవడానికి ఎన్నేళ్లు పనిచేయాలో కూడా అడగండి.

ఇక చదువు. గంటకు 11 డాలర్ల తేడా అంటే, అవే మూడు షిఫ్టులకు ఏడాదికి 20 వేల పైచిలుకు. ఏడాదంతా నాలుగో షిఫ్ట్ చేస్తే పన్నులకు ముందు వచ్చేది 25 వేల పైన. కొంచెమే ఎక్కువ, అదీ ఒంట్లో ఓపిక ఉన్నంత కాలమే. దేశం మొత్తమ్మీద కూడా 2024 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో ఎల్పీఎన్ మధ్యస్థ వార్షిక వేతనం 62,340 డాలర్లు, ఆర్ఎన్‌ది 93,600. పైగా ఎల్పీఎన్‌లకు అన్నిటికన్నా ఎక్కువ ఉద్యోగాలు వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో ఉంటాయి. ఆస్పత్రిలోనే ఉండాలనుకుంటే ఆర్ఎన్ అయితేనే నిలకడ.

కౌంటీ కాలేజీలో ఎల్పీఎన్ నుంచి ఆర్ఎన్‌కి బ్రిడ్జ్ ప్రోగ్రాం ఉందేమో చూడండి. అనాటమీ, మైక్రోబయాలజీ లాంటివి ముందుగా ఒక్కొక్కటే పూర్తిచేయొచ్చు. ఖరీదైన ప్రైవేటు స్కూళ్ల ప్రకటనలు చూసి అప్పు చేయొద్దు. కాలేజీకి రాష్ట్ర నర్సింగ్ బోర్డు అనుమతి ఉందా, వాళ్ల విద్యార్థులు ఎన్‌క్లెక్స్ (నర్సు లైసెన్సు పరీక్ష) ఎంతమంది పాసవుతున్నారు అనేవి చూశాకే ఫీజు కట్టండి. ఫీజులో ఏడాదికి 5,250 డాలర్ల దాకా ఆస్పత్రి ఇస్తే మీకు దాని మీద పన్ను పడదు. మీ ఆస్పత్రి ఇస్తుందా, ఇస్తే తర్వాత ఎంతకాలం అక్కడే పనిచేయాలంటుందో కాగితం మీద తీసుకోండి. క్లినికల్స్ (ఆస్పత్రిలో చేసే శిక్షణ) మొదలయ్యాక రెండు షిఫ్టులకు తగ్గితే హెల్త్ ఇన్సూరెన్స్, ఈ ఫీజు సాయం ఉంటాయో పోతాయో తెలుసుకోకుండా మాత్రం ఒక్క గంట కూడా తగ్గించుకోకండి.

(ఇండియాలో జీఎన్ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చేసి ఇక్కడ ఎల్పీఎన్‌గా ఉండిపోయినవాళ్లు ఇది చదువుతుంటే, బ్రిడ్జ్ కన్నా ముందు మీ సర్టిఫికెట్లు మదింపు చేయించి బోర్డును అడగండి. నేరుగా ఆర్ఎన్ పరీక్ష రాసే అర్హత ఉండొచ్చు.)

మరి లోన్? మీ ఈఎంఐ మామూలు జీతంలోంచే వెళ్తోంది, అలాగే వెళ్లనివ్వండి. 9 శాతం వడ్డీ చిన్నదేం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆర్ఎన్ అయ్యాక పెరిగిన జీతంలో సగం పెట్టినా ఇది వేగంగా కరుగుతుంది. ఆలోగా నాలుగు నెలల ఖర్చు విడిగా దాచుకోండి. రోగుల్ని లేపి పడుకోబెట్టే పనిలో నడుము పట్టేస్తే వారాల తరబడి మంచమెక్కాల్సి వస్తుంది.

నాన్నగారికి డబ్బు బ్యాంకు అకౌంట్ నుంచే పంపండి. 2026 జనవరి 1 నుంచి క్యాష్, మనీ ఆర్డర్‌లతో పంపితే 1 శాతం పన్ను ఉంది, బ్యాంకు నుంచి పంపితే లేదు. ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెప్పకపోతే తప్పవుతుంది. జాయింట్ అకౌంట్‌లో 12 లక్షలంటే 10 వేల డాలర్లు దాటినట్టే. డబ్బు నాన్నగారిదైనా మీ పేరుంది కాబట్టి ఏటా ఎఫ్‌బీఏఆర్‌లో, అంటే విదేశీ బ్యాంకు ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికిచ్చే ఫారంలో చూపించాలి. ఈ ఫారం వేసినందుకు పన్నేమీ కట్టనక్కర్లేదు, చూపించకపోతే మాత్రం జరిమానా భారీగా ఉంటుంది. గతేళ్లవి వేయకపోతే, అమెరికాలో ఉంటున్న ఎన్ఆర్ఐల పన్నులు చూసే సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) దగ్గరికి ఈ నెలలోనే వెళ్లండి.