ఫ్రాన్స్ వెళ్తున్నాం, బేకరీల్లో ఏం తినాలి? అమ్మ గుడ్డు తినదు

ఆగస్టులో పది రోజులు పారిస్, లియోన్ తిరుగుతూ బేకరీల్లో ఏవి రుచి చూడాలి, గుడ్డు తినని అమ్మగారికి ఏం దొరుకుతాయి అని అడిగారు. రెండేళ్ల కిందట మా అత్తయ్యని తీసుకుని మేమూ ఈ రెండు ఊళ్లూ తిరిగాం. ఆవిడా గుడ్డు ముట్టరు. అందుకే మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది.

ముందు రొట్టె గురించి చెప్తాను. కొత్తగా వెళ్లినవాళ్లు రంగురంగుల కేకుల అద్దాల దగ్గరే ఆగిపోతారు. మీరు మాత్రం మొదటి రోజే రొట్టె కొనండి. పొడుగ్గా కర్రలా ఉండే రొట్టెని బాగెట్ అంటారు. ఉత్త బాగెట్ అనకుండా ‘త్రదిస్యోఁ’ అని అడగండి. ఆ పేరుతో అమ్మే రొట్టెకి 1993లో ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. గోధుమపిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టో పులిసిన పిండో వేసి చేయాలి, నిలవ మందులూ అవీ కలపకూడదు, ఏ దశలోనూ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. మామూలు బాగెట్ కంటే కొద్ది సెంట్లే ఎక్కువ.

లియోన్‌లో మేం దిగిన వీధి చివర ఒక చిన్న షాపు ఉండేది. సాయంత్రం ఐదున్నరకి ఆఫీసుల నుంచి ఇళ్లకి వెళ్లేవాళ్లతో క్యూ బయటిదాకా వచ్చేది. మా వంతు వచ్చేసరికి రొట్టె ఇంకా వేడిగా ఉంది, చుట్టిన కాగితం మీంచే చేతికి తెలుస్తోంది. అత్తయ్య కొన విరిచారు. పైపెచ్చు అప్పడంలా ఫెళ్లుమంది. లోపల మరీ తెల్లగా కాకుండా మీగడ రంగులో, చిన్నా పెద్దా బుడగలతో, లాగితే కాస్త సాగుతోంది. దోసెల పిండి పులిసినప్పుడు వచ్చే వాసన లాంటిదే సన్నగా తగిలింది. ‘ఇందులోకి ఏమీ నంజుకోనక్కర్లేదే’ అంటూ ఇల్లు చేరేలోపు ఆవిడ సగం తినేశారు. అక్కడివాళ్లు కూడా దారిలో కొన కొరుక్కుంటూనే వెళ్తారు, మొహమాటపడకండి. మర్నాటికి గట్టిపడిపోతుంది కాబట్టి పూటకి సరిపడా కొనుక్కోండి. సగమే కావాలంటే చాలాచోట్ల కోసి ఇస్తారు.

పొరలు పొరలుగా విడిపోయే క్రోసాంట్ బన్ను దగ్గర మాత్రం జాగ్రత్త. పారిస్‌లో మొదటి రోజు టూరిస్టులు తిరిగే చోట మధ్యాహ్నం నాలుగింటికి కొన్నాం. మెత్తగా, నూనె ఓడుతూ, తోలులా సాగింది. చాలా బాధేసింది. తర్వాత తెలిసిన సంగతేమిటంటే, పిండి కలపడం నుంచి కాల్చడం దాకా అక్కడే చేస్తేనే ‘బులాంజరీ’ (రొట్టెల షాపు) అని బోర్డు పెట్టుకోవాలని 1998 చట్టం. కానీ అది రొట్టెకే. క్రోసాంట్లు ఫ్యాక్టరీ నుంచి ఫ్రోజెన్‌గా తెప్పించి కాల్చి అమ్మినా ఆ చట్టం అడ్డు రాదు. అందుకని ఉదయం తొమ్మిదిలోపు, ఆ పేటవాళ్లు క్యూ కట్టే షాపుకి వెళ్లండి. ‘ఓ బర్’ అని రాసి ఉంటే వెన్నతో చేసింది. సాధారణంగా వెన్నది తిన్నగా, మార్గరిన్‌ది నెలవంకలా వంచి ఉంటుంది. పిండిలో వెన్న పెట్టి మూడు మడతలు చొప్పున మూడుసార్లు మడిస్తే 27 పొరల వెన్న. తాపేశ్వరం మడత కాజా పొరలు చూసి పెరిగినవాళ్లకి ఆ పనితనం విలువ ఇట్టే తెలుస్తుంది.

ఇక అమ్మగారి సంగతి. క్రోసాంట్ పిండిలో మామూలుగా గుడ్డు ఉండదు గానీ, మెరుపు కోసం పైన గుడ్డుసొన పూస్తారు. బ్రియోష్ బన్ను, ఎక్లేర్, మకరోన్, మాడ్లెన్, ఫ్లాన్ లాంటి తీపివాటిల్లో మామూలుగా గుడ్డు ఉంటుంది. మూస్ కేకుల్లో చాలావాటికి జెలటిన్ వేస్తారు, అది జంతువుల నుంచి తీసేదే. బోర్డో ప్రాంతపు కనెలే అనే చిన్న కేకులో గుడ్డుతోపాటు రమ్ కూడా ఉంటుంది. త్రదిస్యోఁ, రై రొట్టె, ఆలివ్‌లు పెట్టిన ఫుగాస్ అనే బల్లపరుపు రొట్టె, వీటిల్లో మామూలుగా గుడ్డు ఉండదు. పొరల బిస్కెట్ లాంటి పాల్మియే కూడా చాలాచోట్ల ఒట్టి పిండి, వెన్న, పంచదారే. అయినా అడగకుండా కొనొద్దు. ఒకసారి ఆలివ్ ఫుగాస్ అనుకుని నేను తెచ్చినదాంట్లో గులాబీ రంగు ముక్కలు కనిపించాయి, చూస్తే పందిమాంసం. అత్తయ్య ఆ పూట పళ్లతో సరిపెట్టుకున్నారు. ఇప్పటికీ నాకు గుచ్చుకునే విషయం అది. గుడ్డు, మాంసం, జెలటిన్, మద్యం ఉన్నాయా అన్న ప్రశ్న ఫ్రెంచ్‌లో ఫోన్‌లో రాసి ఉంచుకోండి. ముందు ‘బోఁజూర్’ అని పలకరించి తర్వాత చూపించండి. పలకరించకుండా అడిగితే అక్కడ మర్యాద కాదు. పలకరిస్తే లోపలికి వెళ్లి చేసేవాళ్లని అడిగి మరీ చెప్పిన షాపులున్నాయి.

ఆగస్టు అంటున్నారు కాబట్టి ఇంకో మాట. ఆ నెలలో చాలా బేకరీలు రెండు మూడు వారాలు సెలవు తీసుకుంటాయి, వారానికో రోజు ఎలాగూ మూస్తారు. తలుపు మీద అతికించిన కాగితం ముందురోజే చూసుకుని, దగ్గర్లో ఇంకోటి అనుకుని పెట్టుకోండి.

పారిస్‌లో వీలైతే మోంతోర్గే వీధిలో 1730 నుంచి ఉన్న స్తోరే షాపుకి వెళ్లండి. మీకు గుడ్డు, రమ్ అభ్యంతరం లేకపోతే అక్కడి బాబా అనే, రమ్‌లో నానబెట్టిన కేకు తినండి. లియోన్‌లో గులాబీ రంగు ప్రలీన్ టార్ట్ తప్పకుండా చూడండి. దాని అడుగు పిండిలో తరచుగా గుడ్డు వేస్తారు గానీ, ప్రలీన్లు విడిగానూ దొరుకుతాయి, అవి బాదంపప్పు మీద పట్టించిన పంచదార పాకమే. అమ్మగారి కోసం ఓ పొట్లం కట్టించుకుని, లియోన్ నుంచి పారిస్ వచ్చే రెండు గంటల రైల్లో చేతికివ్వండి.