సేల్స్‌ఫోర్స్ రాకముందు మేం వాడిన యాక్ట్

కస్టమర్ల వివరాలు దాచే ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్ సేల్స్‌ఫోర్స్ రాకముందు సేల్స్‌వాళ్ళు ఆ వివరాలు ఎక్కడ పెట్టుకునేవాళ్ళు, అలాంటి సాఫ్ట్‌వేర్ అసలు ఎలా మొదలైంది అని అడిగారు. 1992లో నేను డల్లాస్‌లో కాపియర్లు అమ్మేవాణ్ణి. నేను చూసింది చెబుతాను.

చేరిన కొత్తలో నా టేబుల్ మీద రోలోడెక్స్ ఉండేది. గుండ్రంగా తిప్పే చట్రానికి గుచ్చిన కార్డులు, ఒక్కో కార్డు మీద ఒక పేరు, నంబరు. నంబరైతే దొరికేది. పోయినసారి ఆయనతో ఏం మాట్లాడాను, మళ్ళీ ఎప్పుడు ఫోన్ చెయ్యమన్నాడు అన్నది మాత్రం డైరీలో వెతుక్కోవాలి. రెండు నెలలాగి చెయ్యమన్న ఒక స్కూలువాళ్ళకి నాలుగో నెలలో చేశాను. అప్పటికే వేరే చోట కొనేశారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత ఆఫీసులో ఒక సీనియర్ యాక్ట్ చూపించారు, కస్టమర్ల వివరాలు కంప్యూటర్లో రాసుకునే ప్రోగ్రాం. అది మా ఊళ్ళోనే పుట్టింది. పాట్ సల్లివన్, మైక్ ముహ్నీ 1986లో డల్లాస్‌లో కండక్టర్ సాఫ్ట్‌వేర్ అని కంపెనీ పెట్టి, 1987లో డాస్ (అప్పటి పీసీలని నడిపే సిస్టమ్) మీద నడిచే యాక్ట్ తెచ్చారు. ఇలాంటిది అదొక్కటే కాదు, టెలిమ్యాజిక్ కూడా ఆ రోజుల్లోదే. 1989లో గోల్డ్‌మైన్ వచ్చింది. దాని బలం నెట్‌వర్క్: ఆఫీసులో నలుగురూ ఒకే జాబితా మీద పనిచేసుకోవచ్చు.

యాక్ట్‌లో నాకు ప్రాణం లేచొచ్చింది తేదీ దగ్గర. మనిషి పేరు కిందే పాత మాటలన్నీ, ఆ పక్కనే మళ్ళీ చెయ్యాల్సిన రోజు. పొద్దున్నే తెరిస్తే ఇవాళ ఎవరెవరికి చెయ్యాలో వరసగా కనిపించేది. వాళ్ళబ్బాయి కాలేజీలో చేరాడన్న సంగతి కూడా రాసుకునేవాణ్ణి. ఆ మాట అడిగితే అవతలి గొంతే మారిపోయేది.

1993లో యాక్ట్‌ని సిమాంటెక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 4.7 కోట్ల డాలర్లకి కొంది. అదే ఏడు టామ్ సీబెల్, ప్యాట్రీషియా హౌస్ కంపెనీలకి ఇలాంటి సాఫ్ట్‌వేర్ అమ్మే సీబెల్ సిస్టమ్స్ పెట్టారు. నా దృష్టిలో అసలు మలుపు అక్కడే. యాక్ట్ సేల్స్‌మన్ తన కోసం, తన డబ్బుతో కొనుక్కునేది. సీబెల్ లాంటివి కంపెనీ కొనేది, మేనేజర్ చూసుకునేది. మా దగ్గరా అలాంటిదొకటి పెట్టారు. సాయంత్రం రిపోర్టు కోసం దాన్ని నింపేవాళ్ళం, కస్టమర్ సంగతులు మాత్రం నేను యాక్ట్‌లోనే రాసుకున్నాను.

సేల్స్‌ఫోర్స్ మొదలైన 1999లోనే, ఏడాది చివర్లో, సల్లివన్ యాక్ట్‌ని తన కొత్త కంపెనీ సేల్స్‌లాజిక్స్‌లోకి తిరిగి తెచ్చుకున్నారు. ఆ వార్త చదివి, ఇంట్లో మనిషి తిరిగొచ్చినంత సంతోషపడ్డాను.