1878 బాప్తిస్మం రికార్డు: ఊరి పేరుతో కాదు, ఒంగోలు పేరుతో వెతకండి

ఒంగోలు చుట్టుపక్కల పల్లెలో ఉన్న మీ ముత్తాత 1878లో బాప్టిస్టు మిషన్ ద్వారా బాప్తిస్మం తీసుకున్నారు, మీ ఊరి చర్చి రికార్డులేమో అంత వెనక్కి పోవడం లేదు. కారణం చాలావరకు ఒకటే: అప్పటికి మీ ఊళ్లో విడిగా సంఘం ఏర్పడి ఉండదు.

1. ఒంగోలు సంఘం కింద చూడండి. అందరూ వదిలేసేది ఇదే. 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలైన ఆ ఒక్క సంఘంలోనే చుట్టుపక్కల పల్లెల విశ్వాసులంతా సభ్యులు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లూ ఒంగోలు సంఘం కిందికే వస్తారు. పల్లెల్లో విడి సంఘాలు ఆ తర్వాత వచ్చాయి. కాబట్టి ఒంగోలు కింద ఊరి పేరు, మనిషి పేరు కలిపి వెతకాలి.

2. జిల్లా సరిచూసుకోండి. 1904కి ముందు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, తర్వాత గుంటూరు. ఇప్పటి ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లోనే.

3. లండన్ రికార్డుల జోలికి పోకండి. ఒంగోలు సంఘాన్ని నడిపిన మిషనరీ క్లౌ దొరది అమెరికన్ బాప్టిస్టు మిషన్. దాని కాగితాల కోసం అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్టు హిస్టారికల్ సొసైటీకి మెయిల్ పెట్టండి.

4. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఆ తేదీని పట్టుకుని పుట్టిన సంవత్సరం లెక్కకట్టొద్దు.