నోటీసు రోజులు నీకే లాభం, తల్లీ

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో క్వాలిటీ సూపర్‌వైజర్‌ని. పర్మనెంటు. నెలకి బేసిక్ జీతం 15,600. జూన్ 9కి అయిదేళ్లు నిండుతాయి. కాకినాడలో ఇంకో ప్లాంటు వాళ్లు ఇరవై రోజుల్లో చేరమంటున్నారు. నా అపాయింట్‌మెంట్ ఆర్డరులో 60 రోజుల నోటీసు, లేదా ఆ రోజులకి బేసిక్ కట్టాలని ఉంది. మా మేనేజరు గారేమో ‘పట్టుబడుల సీజన్లో, అంటే చెరువుల్లో రొయ్యలు పట్టే రోజుల్లో వెళ్తే డిగ్రీ సర్టిఫికెట్లు ఇవ్వం’ అంటున్నారు. డబ్బు కట్టేసి వెళ్లిపోనాండీ?
– ఒక సోదరి, ఉండి

జవాబు: కట్టకమ్మా. ముందు కేలండరు తీయి. ఏప్రిల్ 15న రాజీనామా కాగితం ఇస్తే 60 రోజులు జూన్ 14తో అయిపోతాయి. అప్పటికి నీకు అయిదేళ్లు దాటాయి. అంటే గ్రాట్యుటీ వస్తుంది, అయిదేళ్లు చేసి మానేసేవాళ్లకి కంపెనీ ఇచ్చే డబ్బు. నెలకి 26 పనిదినాల లెక్కన 15,600ని 26తో భాగించి, ఏడాదికి 15 రోజుల చొప్పున అయిదేళ్లకి వేస్తే 45,000. ఇరవయ్యో రోజునే వెళ్తే మిగతా 40 రోజులకి, నెలకి 30 రోజుల లెక్కన, 20,800 నువ్వే ఎదురు కట్టాలి. గ్రాట్యుటీకి అయిదో ఏట 240 రోజులు చేసినా చాలని మద్రాసు హైకోర్టు ఒక తీర్పులో అందిలే. కానీ ఆ తీర్పు పట్టుకుని తిరిగే ఓపిక నీకుందా?

ఉండమని ఏ కోర్టూ నిన్ను కట్టేయదు. నోటీసు ఎగ్గొడితే డబ్బు అడగొచ్చు, అంతే. సర్టిఫికెట్లు నీవి, వాటిని తాకట్టు సరుకులా పట్టుకునే హక్కు వాళ్లకి లేదు. తిరిగిమ్మని ఇప్పుడే మెయిల్లో అడుగు.

నేను పాతికేళ్లు తణుకు దగ్గర ఒక మిల్లు టైమ్ ఆఫీసులో కూర్చున్నాను. ఒకబ్బాయి రాజీనామా కాగితం మేనేజరు బల్లమీద అద్దం కింద పెట్టి వెళ్లాడు. నెల తర్వాత అడిగితే ‘ఏ కాగితం?’ అన్నారు. ఆ నెలంతా నీళ్లపాలు. అందుకే రెండు కాపీలు రాయి, ఒకదానిమీద కాగితం అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ వేయించుకో. మెయిలూ పెట్టు. ‘నా ఆఖరి పనిదినం జూన్ 14’ అన్న మాట అందులో తప్పకుండా ఉండాలి. కారణాలూ కథలూ అక్కర్లేదు. ఈ రెండు నెలలూ సెలవులు మాత్రం పెట్టకు, కొన్నిచోట్ల ఆ మేరకు నోటీసు పొడిగిస్తారు.

కాకినాడ వాళ్లకి జూన్ 15న వస్తానని రాయి. వాళ్లూ రొయ్యలవాళ్లేగా, పట్టుబడి రోజుల్లో సూపర్‌వైజరు విడుదల కావడం ఎంత కష్టమో వాళ్లకి చెప్పాలా!